నీలం పెట్టె మీద ఫిర్యాదు

ఇంటి నుంచి,
షెడ్డు పక్క గది.

బ్యాటరీ షాపు తమ్ముడికి అక్క చెప్పి రాయించేది.

నన్ను ఈ వీధంతా గంట పెద్దమ్మ అంటుంది. నా గొంతు వీధి చివర బస్సు స్టాపు దాకా వినిపిస్తుందని పెట్టిన పేరు. నేనేమీ బాధపడను. వయసు డెబ్బై ఆరు. చదువు లేదు. ఇంట్లో మనుషులం ఇద్దరం, నేనూ మీ బావా. ఊపిరితిత్తులు పాడైన మీ బావకి గాలి అందించే ఆక్సిజన్ మిషను ఒకటి, ఆయన డ్రైవరుగా ఆఖరున నడిపి షెడ్డులో నిలబెట్టిన కారు ఒకటి. ఇదీ మా కాపురం. "ఇవన్నీ నాకు తెలియవా అక్కా" అని నవ్వకు. తమ్ముడికి చెప్పడం లేదు, తగువు తీర్చే పెద్దమనిషి ముందు చెప్పినట్టు చెబుతున్నాను. రాసేది ఎదురింటి దర్జీ. తిట్లు కూడా రాయమంటే రాయనన్నాడు. కాబట్టి తిట్లు నువ్వే కలుపుకుని చదువుకో.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చెయ్యను. ఫోనులో నువ్వు నీళ్ళు నములుతావు. కాగితం మీద నమలడం కుదరదు.

జరిగింది విను. మొన్న పొద్దున్న కరెంటు పోయింది. పోతే నాకేం కంగారు లేదు. కారు బ్యాటరీ నుంచి కిటికీలోంచి తీగ లాగి ఇన్వర్టరుకి కలిపింది నువ్వే. కరెంటు లేనప్పుడు ఆ బ్యాటరీ మిషన్ని నడుపుతుంది, ఉన్నప్పుడు నువ్వు పంపిన నీలం చార్జరు ఆ బ్యాటరీని నింపుతుంది. గంటకి పైనే వస్తుందని నువ్వే అన్నావు. ఆ ధీమాతో పొయ్యి మీద పాలు పెట్టుకున్నాను. పాలు పొంగలేదు, ఈలోపే మిషను కీచుమని ఆగిపోయింది.

వెళ్ళి చూద్దును గదా, మీ బావ పెదాలు నల్లబడిపోయాయి. నా వైపే చూస్తున్నాడు గానీ నేను ఆయన కంటికి ఆనుతున్నట్టు లేదు. కారులో వేసుకుపోదామంటే కారూ కదలదు, ప్రాణం పోయింది ఆ బ్యాటరీకే కదా. వీధిలోకి పరిగెత్తి అరిచాను. నాకు పెట్టిన పేరు ఆ రోజు అక్కరకొచ్చింది. దర్జీ కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు. అతని కొట్లో చొక్కా కొలతలిస్తున్న బస్సు డ్రైవరు, అదే మీ బావ పాత స్నేహితుడు, సగం కొలతల్లో వచ్చాడు. ఇద్దరూ ఎత్తుకెళ్ళి ఎవరిదో వ్యానులో పడుకోబెట్టారు. బతికాడు.

పెద్దమ్మాయి వచ్చింది. తండ్రిని చూసి ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది. "అమ్మా, ఈ తీగల్నీ పెట్టెల్నీ నమ్ముకుని నాన్నని ఇక్కడ ఉంచలేను. ఆస్పత్రి వార్డులో మంచం మాట్లాడాను, నెలాఖరుకి ఖాళీ అవుతుందట. ఈలోపు ఇది బాగుపడితే సరే. లేకపోతే నాన్న అక్కడికే" అంది. దాన్ని తప్పు పట్టను. కానీ ఆ వార్డులో కిటికీ లేదు. మీ బావ మాట ఒక్కటే: "నన్ను కారు కనబడే చోట ఉంచవే."

అందుకని అడుగుతున్నాను. రోజంతా నీ చార్జరుకి తగిలించి ఉంచిన బ్యాటరీ పాలు పొంగేలోపు ఎలా చచ్చింది? మొదట నువ్వు చిన్న తెల్ల పెట్టె పంపావు. అది పొరపాటున వచ్చిందని వెనక్కి పోయింది. తరువాత ఈ నీలం పెట్టె దిగింది. దీన్ని ఎవరు ఏరారు, ఏం చూసి ఏరారు? దాటవేయకుండా రాయి.

ఇట్లు,
అక్క వేలిముద్ర

&nbsp;

బ్యాటరీ షాపు నుంచి.

అక్కకి నమస్కారాలు.

బావ బతికాడని రాసిన వాక్యం దాకా నిలబడే చదివాను. ఆ తరువాత కూర్చున్నాను. కొత్త బ్యాటరీ ఒకటి బస్సు డ్రైవరన్న చేత పంపుతున్నాను. ఆయనే బిగిస్తాడు. పాతదాన్ని వెనక్కి పంపించు, కోసి చూస్తాను.

ఇక చార్జరు మాట. దానిలో దోషం లేదక్కా. నా షాపులో అలాంటివి ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నాయి. నీకు అంకెలు రావు కాబట్టే దాని మీద చేత్తో తిప్పే మర పక్కన నేను రెండు చుక్కలు పెట్టి పంపాను. తెల్ల చుక్క నెమ్మదిది. మరను దాని మీద ఉంచితే బ్యాటరీ నిండినా చార్జరు దాన్ని మెల్లగా పట్టి ఉంచుతుంది, ఏమీ కాదు. ఎర్ర చుక్క లారీల బ్యాటరీల కోసం. పూర్తిగా పడుకున్నదాన్ని తట్టి లేపడానికి. మీ కారుది మూతల్లేని, నీళ్ళు పొయ్యనక్కర్లేని మూసిన రకం. దానికి ఎర్ర చుక్క విషం. లోపలి తడి ఆవిరైపోతుంది, మళ్ళీ నింపే దారి ఉండదు. చూడడానికి నిండుగానే ఉంటుంది, పని పడితే నిమిషాల్లో కూలిపోతుంది. మీకు జరిగింది అలాగే ఉంది.

నీ మీద నింద వెయ్యడం లేదు. కానీ దుమ్ము దులిపేటప్పుడు చెయ్యి తగిలి మర తిరిగి ఉండొచ్చు. చూసి సరిచెయ్యి. ఇక నుంచి తెల్ల చుక్క దాటనివ్వకు.

తెల్ల పెట్టె సంగతి వదిలెయ్యి. అది వేరే వాళ్ళకి పోవలసింది.

బావని అడిగానని చెప్పు.

ఇట్లు,
తమ్ముడు

&nbsp;

ఇంటి నుంచి,
షెడ్డు పక్క గది.

బ్యాటరీలు కోసి చూసే తమ్ముడికి అక్క రాయించేది.

ఒరేయ్ బుడ్డోడా, నీకు తల మీద జుట్టు పోయినా నువ్వు నాకు బుడ్డోడివే. దుమ్ము దులిపేటప్పుడు నా చెయ్యి తగిలిందా? ఈ చేతికి అంకెలు రావు, నిజమే. కానీ ఏది ఎక్కడ పెట్టానో మరిచిపోయే చెయ్యి కాదు ఇది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎంత ఉందో ఈ చెయ్యే నీ నుదుటి మీద పెట్టి చెప్పేది. అప్పుడు నువ్వు అంకెలు అడగలేదు.

నీ మాట మీద ఏం చేశానో చెబుతాను. కొత్త బ్యాటరీ బిగించారు. నేనే నా వేళ్ళతో మరను తెల్ల చుక్క మీదికి తిప్పాను. తిప్పి, దర్జీ దగ్గర గుండీలు కుట్టే గట్టి దారం తీసుకుని, మరనీ పెట్టె పిడినీ కలిపి కట్టేశాను. దర్జీ చూస్తుండగానే కట్టాను. ఎవరైనా తిప్పాలంటే ఆ దారం తెంచాలి. ఇక నీకు వంక లేదు కదా?

రోజూ రెండు పూటలా వెళ్ళి చూస్తున్నాను. దారం ఉంది. మర తెల్ల చుక్క మీదే ఉంది. అయినా నీ కొత్త బ్యాటరీ కాలుతోంది! మొదట్లో చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉండేది. ఇప్పుడు చెయ్యి పెట్టి ఉంచలేను. పక్కలు ఉబ్బాయి. నిన్నటి నుంచి షెడ్డు తలుపు తీస్తే కుళ్ళిన గుడ్ల వాసన. దర్జీ ముక్కు మూసుకుని "పెద్దమ్మా, లోపల ఎలుక చచ్చిందేమో" అన్నాడు. కారు కింద, సీట్ల కింద వెతికించాను. ఎలుకా లేదు, పిల్లీ లేదు. వాసన ఆ బ్యాటరీదే.

కాబట్టి తేలింది. మర తిరగలేదు, దారం తెగలేదు, నేను ముట్టుకోలేదు. దోషం నీ నీలం పెట్టెదే. లోపల ఎక్కడో తప్పుగా ఉంది, దాన్ని నువ్వు నా నెత్తిన రుద్దావు. మీ బావ ఆ గోడకి ఇవతల పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నం తిండి తిని నేను కాస్త నడుం వాలుస్తాను, అప్పుడు కూడా ఆ పెట్టె బుయ్యిమని మోగుతూనే ఉంటుంది.

ఆయన్ని అడిగాను, నీకేమైనా వాసన వస్తోందా అని. ముక్కులో గొట్టం ఉన్నవాడికి వాసనేం తెలుస్తుందే అన్నాడు. నవ్వాడు కూడా. ఈ మధ్య కాస్త ఉషారుగానే ఉన్నాడు.

నెలాఖరు దగ్గర పడుతోంది. పెద్దమ్మాయి సంచి సర్దడానికి వచ్చి, నా ముఖం చూసి సర్దకుండా వెళ్ళింది. మళ్ళీ వస్తుంది.

ఇంకొక్క మాట. తెల్ల పెట్టె వేరే వాళ్ళకి పోవలసిందన్నావు. మరి ఆ పెట్టె మీద మీ బావ పేరు రాసి ఉందని దర్జీ అంటున్నాడే? అప్పుడు పార్సిలు అందుకుంది అతనే. దీనికేమంటావు?

ఇట్లు,
అక్క వేలిముద్ర

&nbsp;

బ్యాటరీ షాపు నుంచి.
చాలా తొందరలో.

అక్కా,

ఇది అందగానే చార్జరు ఆపు. ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపి ప్లగ్గు పీకు. ఆ తరువాతే బ్యాటరీకి పట్టించిన క్లిప్పులు తియ్యి. ఈ వరుస తప్పావా, క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. నువ్వు చెప్పిన వాసన బ్యాటరీ లోపల ఉడికి వదులుతున్న గాలిది. దానితో పాటు వాసన లేని గాలి ఇంకొకటి వస్తుంది, అది రవ్వ తగిలితే పేలుతుంది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి పెట్టు. అగ్గిపుల్ల గీయకు. షెడ్డులో లైటు కూడా వెయ్యకు.

ఇంకో రెండు సంగతులు. నువ్వు కట్టిన దారానికి ముడి ఇప్పుడు ఎలా ఉంది? దర్జీని బొమ్మ గీయమను. కట్టినప్పుడు ఎలా ఉందో అతనికి గుర్తుంటే అది కూడా గీయమను. బావ ముక్కుకి పెట్టుకునే ఆ గొట్టం ఎంత పొడుగు? మంచం దగ్గరి నుంచి ఎక్కడి దాకా వస్తుంది?

ఫోను చేస్తే బావ చెవిన పడుతుంది, అందుకే డ్రైవరన్న బస్సులో ఇప్పుడే పంపుతున్నాను, ఈ ఉత్తరం గదిలో చదివించుకోవద్దు. బావ వినకూడదు. ఆయన్ని ఏమీ అడగకు.

తమ్ముడు

&nbsp;

దర్జీ కొట్టు నుంచి.

తమ్ముడికి,

ఇది ఇంట్లో కూర్చుని చెప్పడం లేదు. దర్జీ కొట్లో, బట్టల కుప్ప మీద కూర్చుని మెల్లగా చెబుతున్నాను. నాకు మెల్లగా మాట్లాడడం వచ్చని దర్జీకి ఇవాళే తెలిసింది.

ముడి బొమ్మ గీయనక్కర్లేదు. నువ్వు అడిగాక వెళ్ళి చూశాను. రోజూ దారం ఉందా లేదా అని చూశాను గానీ ముడి ఎవరిది అని చూడలేదు. నేను కట్టింది మామూలు ముడి, మూట కట్టే ముడి. ఇప్పుడున్నది అది కాదు. మధ్యలో ఒక మెలిక, పక్కకి ఒక చెవి, ఆ చెవి లాగితే మొత్తం ఒక్కసారి జారి వచ్చేస్తుంది. మీ బావ కారు పైన సామాను కట్టేటప్పుడు వేసే ముడి అది. నాకు నేర్పుదామని చూశాడు, నాకు రాలేదు. నీకు వచ్చింది.

గొట్టం బాత్రూము దాకా రావాలని పొడుగుది పెట్టించాం. బాత్రూము దాకా వచ్చేది షెడ్డు గుమ్మం దాటి కూడా వస్తుందని నా బుర్రకి తట్టలేదు.

ఆయన్ని ఏమీ అడగలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే నువ్వు చెప్పిన వరుసలో గోడ దగ్గర ముందు, క్లిప్పులు తరువాత అన్నీ తీసేశాను. మర్నాడు తిండి తిన్నాక నడుం వాల్చి కళ్ళు మూసుకున్నాను. గురక కూడా పెట్టాను. కాసేపటికి మంచం కిర్రుమంది. కర్ర చప్పుడు కాకుండా దాని అడుగున గుడ్డ చుట్టుకున్నాడు! అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండడుగులు వేసి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ రెండడుగులు. గొట్టం ఆయన వెనకాలే నేల మీద జారుతూ పోయింది. నేను లేచి గుమ్మం వారగా నిలబడ్డాను.

క్లిప్పులు ఆయనే పట్టించాడు. ప్లగ్గు ఆయనే పెట్టాడు. దారం చెవి లాగి మరను ఎర్ర చుక్క మీదికి తిప్పాడు. తిప్పి, వంగి, ముక్కులో ఆ గొట్టంతోనే, ఉబ్బిన బ్యాటరీ మీద చెవి ఆనించి పడుకున్నట్టు ఉండిపోయాడు. పసిపిల్ల గుండె వింటున్నట్టు విన్నాడురా.

నా నోట్లోకి అరుపు వచ్చింది. మింగేశాను. అరిస్తే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే చెయ్యి క్లిప్పుకి తగులుతుంది, తగిలితే ఏమవుతుందో నువ్వు రాశావు. ఈ వీధిలో నా గొంతు వినబడని వాడు లేడు, ఆ రోజు ఆ గుమ్మంలో నా ఊపిరి నాకే వినబడకుండా నిలబడ్డాను. ఆయన తృప్తిగా తల ఊపుకున్నాడు. మరను వెనక్కి తిప్పాడు, తెల్ల చుక్క మీదికి. దారం కట్టాడు. ఎంత శ్రద్ధగా కట్టాడనుకున్నావు! ఆయనకన్నా ముందే వచ్చి నేను కళ్ళు మూసుకున్నాను, ఆయన మంచం మీదికి వచ్చి పడుకున్నాడు. అప్పుడు నేను లేచినట్టు లేచి, ఆవలించినట్టు ఆవలించి, వెళ్ళి అన్నీ తీసేశాను.

నీలం పెట్టెని బట్టల పెట్టెలో దాచాను. బస్సు డ్రైవరు ఆ బ్యాటరీని ఊడదీసి పెరట్లో పెట్టాడు. ఇప్పుడు కారుకి బ్యాటరీ లేదు, మిషనుకి ఆసరా లేదు. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన చిన్న సిలిండరు ఒకటి ఉంది. పైన ఫ్యాను నెమ్మదించినట్టు అనిపిస్తే చాలు, కరెంటు పోతోందేమోనని సిలిండరు దగ్గరికి పరిగెడుతున్నాను. పెట్టె ఏదని మీ బావ అడిగాడు. రిపేరుకి పంపానన్నాను. నా ముఖం చూశాడు.

ఒరేయ్, నీకు ముందే తెలుసు. ముడి బొమ్మ అడిగినవాడికి ముడి ఎవరిదో తెలుసు. అయినా నా చెయ్యి తగిలిందని రాశావు. ఎందుకు? ఆయన ఆ బ్యాటరీలో ఏం వింటున్నాడు?

అక్క

(వేలిముద్ర వెయ్యలేదు. పెద్దాయన లేచే వేళైందని ఇంటికి వెళ్ళిపోయింది. – దర్జీ)

&nbsp;

బ్యాటరీ షాపు నుంచి.

అక్కకి,

నువ్వు అడిగినదానికి ఈసారి నీళ్ళు నమలను.

బావ వింటున్నది బుడగలు. పాత రకం బ్యాటరీలకి పైన ఆరు మూతలుండేవి. మూతలు తీసి చార్జింగు పెడితే, నిండే వేళకి లోపల నీళ్ళు సన్నగా ఉడికేవి. బుడగలు లేచాయంటే నిండినట్టు. మీటరు అక్కర్లేదు. నన్ను తన కారులో తిప్పుతూ ఈ పని నేర్పింది బావే. "మీటరు అబద్ధం ఆడొచ్చురా, బుడగ ఆడదు" అనేవాడు. నా చేత బ్యాటరీ మీద చెవి పెట్టించేవాడు. ఇప్పటి మూసిన బ్యాటరీలో బుడగ రాకూడదు. అది ఏ చప్పుడూ లేకుండా నిండుతుంది. చప్పుడు వచ్చిందంటే పాడైపోతున్నట్టు. బావకి ఆ నిశ్శబ్దం ఖాళీలా వినబడుతోంది. నిండలేదేమో, కరెంటు పోతే తన ఊపిరి ఆగి నువ్వు మళ్ళీ వీధిలో అరవాల్సి వస్తుందేమో అని బుడగ వినబడేదాకా తిప్పుతున్నాడు. ఆయన భయం అది.

తెల్ల పెట్టె మీ కోసమే పంపాను. సరైనది అదే. చార్జరు ఎలా ఏరాలో చెబుతాను, పెద్దమ్మాయికి కూడా వినిపించు. ముందు బ్యాటరీ ఏ రకమో చూడాలి, నీళ్ళు పోసేదా, మూసినదా. చార్జరు ఆ రకానికి చెప్పినదే అయి ఉండాలి. తరువాత బలం. బ్యాటరీ మీద అరవై అని ఉంటే చార్జరు ఆరు ఆంపియర్లు ఇస్తే చాలు. త్వరగా నిండాలని ముప్పై ఇచ్చేది తగిలిస్తే ఉడికిపోతుంది. ఆఖరిది, మీ ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైనది, నిండగానే తనంతట తాను తగ్గిపోయేది కావాలి. మనిషి చెయ్యి పెట్టడానికి దానికి ఏమీ ఉండకూడదు. తెల్ల పెట్టె అలాంటిది. దాని మీద మర లేదు. ఒక దీపం ఉంది, నిండుతున్నప్పుడు ఎరుపు, నిండాక ఆకుపచ్చ.

అది అందిన మర్నాడే బావ ఫోను చేశాడు. "ఒరేయ్, తిప్పడానికి ఏమీ లేని చార్జరు ఏం చార్జరురా? నా చేతికి పని లేకుండా చేస్తావా? మర ఉన్నది పంపు. అక్కకి చెప్పకు" అన్నాడు. ఈ షాపులో నేను కూర్చున్న కుర్చీ ఆయన నేర్పిన పనితో వచ్చింది. నువ్వైతే కాదనేదానివి. నేను అనలేకపోయాను. తెల్ల పెట్టె వెనక్కి తెప్పించి నీలం పంపాను. మర ఎర్ర చుక్క దాకా తిరగకుండా బిగించేసైనా పంపాల్సింది. అదీ చెయ్యలేదు. నీ మొదటి ఉత్తరం చదవగానే అనుమానం వచ్చింది. బావ పేరు రాయలేక నీ చెయ్యి రాశాను.

గొట్టంలోంచి వచ్చే గాలికి నిప్పంటే మహా ఇష్టం అక్కా. బ్యాటరీ వదిలే గాలి దానికి తోడు. అన్ని మధ్యాహ్నాలు ఆ రెండిటి మధ్య ఆయన తల పెట్టి విన్నాడని చదివాక షాపు షట్టరు దించేసి కూర్చున్నాను.

మూడో బ్యాటరీ, తెల్ల పెట్టె డ్రైవరన్న చేత వస్తున్నాయి. బ్యాటరీని ఈసారి తలుపు వైపు, గాలి ఆడే చోట పెట్టండి. బావకి నువ్వే చెప్పు. నేను చెప్పలేను.

తమ్ముడు

&nbsp;

ఇంటి నుంచి,
షెడ్డు పక్క గది.

బ్యాటరీ షాపు తమ్ముడికి, పెద్దమ్మాయికి, ఇంకా చదవదలుచుకున్న వాళ్ళందరికీ, గంట పెద్దమ్మ అనబడే నేను సాక్షుల ముందు చెప్పి రాయించేది.

మొదటి మాట. నా ఫిర్యాదు నీలం పెట్టె మీద. ఆ పెట్టె తప్పు చెయ్యలేదు. తిప్పినట్టు తిరిగింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడి మీది ఫిర్యాదు మాత్రం తీసుకోవడం లేదు. వాడు ఇక్కడికి వచ్చి నా ఎదురుగా కూర్చుని నాలుగు చివాట్లు తినేదాకా అది ఉంటుంది.

రెండో మాట. నువ్వు చెప్పలేనన్నావు, నేను చెప్పాను. ఎలా చెప్పానంటే, నీలం పెట్టెని బట్టల పెట్టెలోంచి తీసి ఆయన మంచం మీద, కాళ్ళ దగ్గర పెట్టాను. కర్రకి చుట్టిన గుడ్డ విప్పి పక్కన పెట్టాను. ఆయన పెట్టెని మర ఉన్న వైపు తిప్పుకున్నాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"అరవలేదేం?"

"అరిస్తే చస్తావని."

బస్సు డ్రైవరు అక్కడే ఉన్నాడు, తెల్ల పెట్టె బిగిస్తున్నాడు. అతను తల ఎత్తలేదు. నీ ఉత్తరంలో గాలి సంగతి, రవ్వ సంగతి దర్జీ చేత ఉన్నదున్నట్టు చదివించాను. మీ బావ విన్నాడు. వినీ ఏమన్నాడో తెలుసా? "అయితే బుడగ లేకపోతే... నిండిందని... ఎవరు చెబుతారు?" అన్నాడు. ఒక్కొక్క ముక్కకి ఊపిరి తీసుకుంటూ.

"ఆ దీపం చెబుతుంది" అన్నాను.

"దీపానికేం తెలుసే? అది... పెట్టిన రంగు చూపిస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. "జీవితమంతా కూడళ్ళలో ఎర్ర దీపం చూసి ఆపావు, ఆకుపచ్చ చూసి కదిలావు. నన్నూ పిల్లల్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మరీ! ఏ ఒక్కనాడైనా కారు దిగి, దీపానికేం తెలుసని స్తంభానికి చెవి పెట్టి విన్నావా?" అన్నాను.

బస్సు డ్రైవరు నవ్వు ఆపుకోలేక స్పానరు కింద పడేశాడు. మీ బావ నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సరే అనలేదు.

మూడో మాట. మొన్న నెలాఖరు. పెద్దమ్మాయి సంచీతో వచ్చింది. నేను ఒక్కటే అడిగాను: "నీ కళ్ళ ముందు చూపిస్తాను. ఆ తరువాత నీ ఇష్టం." సిలిండరు మంచం పక్కన సిద్ధంగా పెట్టి, దాని మూత మీద చెయ్యి వేసుకుని అది కూర్చుంది. తెల్ల పెట్టెని కిటికీలో పెట్టాం, మంచం మీది నుంచి దీపం కనబడేలా. ఆకుపచ్చగా ఉంది. నేను వెళ్ళి నా చేత్తోనే ఇంటి మెయిన్ స్విచ్చి దించాను.

ఫ్యాను ఆగింది. మిషను ఆగలేదు.

అక్కడే నిలబడితే నేను బతకను. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టాను. పాలు కాగుతున్నాయి, నా చెవి మాత్రం గదిలో ఉంది. ఒకసారి మిషను చప్పుడు మారినట్టు అనిపించి గరిటె వదిలేసి పరిగెత్తాను. ఏమీ లేదు. పెద్దమ్మాయి కుర్చీ జరుపుకుంది, అంతే. మీ బావ కళ్ళు మూసుకుని వింటున్నాడు. బుడగలు కాదు, మిషన్ని. పాలు పొంగాయి. దించాను. పాలు చల్లారాయి. మీగడ కట్టింది. మిషను ఆడుతూనే ఉంది. పెద్దమ్మాయి సిలిండరు మీది నుంచి చెయ్యి తీసి, తండ్రి పెదాలు చూసి, "ఇక చాలమ్మా, స్విచ్చి వెయ్యి" అంది. వార్డుకి ఫోను చేసి ఈ నెలకి మంచం వద్దంది. వచ్చే నెల మళ్ళీ చూస్తానంది. చూడనీ.

కరెంటు వచ్చింది. కిటికీలో దీపం ఎర్రగా వెలిగింది. ఎవరమూ ఏమీ అనుకోలేదు, ఎవరి పనుల్లో వాళ్ళున్నాం. సాయంత్రం, దర్జీ ఇంకా ఇక్కడే ఉన్నాడు, మంచం మీది నుంచి మీ బావ గొంతు వినిపించింది. కూడలిలో వెనక బళ్ళకి చెబుతున్నట్టు, "ఆకుపచ్చ!" అన్నాడు. నేను వెళ్ళి చూశాను. ఆకుపచ్చే.

అప్పటి నుంచి అది ఆయన ఉద్యోగం. దీపం మారితే చెబుతాడు. నేను వెళ్ళి చూస్తాను. చూడకపోతే ఊరుకోడు.

ఆఖరి మాట. నీలం పెట్టె ఈ ఉత్తరంతో పాటే నీ షాపుకి వస్తోంది. దాని మర ఊడి ఉంటుంది, దారిలో పడిపోయిందని వెతకకు. నేనే బస్సు డ్రైవరు చేత ఊడదీయించాను. అది మీ బావ చేతిలో ఉంది. దుప్పటి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు. తిప్పుకోనీ.

పైన చెప్పినదంతా నేను చెప్పగా రాసినది, నాకు చదివి వినిపించినది, నిజమని ఒప్పుకుంటున్నాను.

గంట పెద్దమ్మ, ఎడమచేతి వేలిముద్ర

సాక్షులు:
ఎదురింటి దర్జీ, ఇది రాసినవాడు.
బస్సు డ్రైవరు, తెల్ల పెట్టె బిగించినవాడు.

(మంచం మీదున్న మూడో సాక్షిని నేను అడగలేదు. తానే కలం ఇమ్మన్నాడు. కింద వంకరగా ఉన్నది ఆయన చేతి రాతే. – దర్జీ)

డ్రైవరు. ఇక షెడ్డులోకి వెళ్ళను. దీపం చూస్తాను.